కంట్రోల్-సి నొక్కితే అక్కడ ఆగిందెవరు?

పోయిన నెల ఒక రాత్రి తొమ్మిదిన్నరకి పలాస నుంచి బాబాయ్ ఫోన్. "అమ్మా, స్క్రీను మీద నంబరు కదలట్లేదు. గది చూస్తే మండిపోతన్నాది. ఏటి చేసినావు?"

నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా ఇంట్లో, అన్నం ముందు కూర్చుని ఉన్నాను. మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. అందులో జీడీబీ, అంటే ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి లోపల చూసే డీబగ్గర్. దాని అవతల పలాసలో, నేను ఇక్కడి నుంచే ఆపేసి వచ్చిన ప్రోగ్రామ్. ఎంగిలి చేత్తోనే ఫోన్ పట్టుకుని, "బాబాయ్, ముందు హీటర్ మెయిన్ దించెయ్. తర్వాత మాట్లాడదాం" అన్నాను.

బాబాయ్‌ది ఉద్దానం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ జీడితోట వేళ్ళతో సహా పడిపోయింది. తర్వాత ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేరాడు. పప్పు ఆరబెట్టే గదికి చిన్న లైనక్స్ బోర్డు పెట్టి, సీ భాషలో ప్రోగ్రామ్ రాసిచ్చింది నేనే. ఐదు సెకన్లకోసారి వేడి చూస్తుంది. 70 డిగ్రీలు దాటితే హీటర్ రిలే (ప్రోగ్రామ్ చెప్పినట్టు వేసి ఆపే స్విచ్) ఆపుతుంది, 66కి దిగితే మళ్ళీ వేస్తుంది. పప్పు సరిగ్గా ఆరితే దాని మీది ఎర్రపొర వేళ్ళతో నలిపితే చాలు, ఊడి వచ్చేస్తుంది. వేడెక్కువైతే పప్పు రంగు మారి గ్రేడు పడిపోతుంది.

ఆ వారమంతా ఒక తప్పు కోసం వెతుకుతున్నాను. రోజులో ఒకటి రెండుసార్లు సెన్సర్ చదివిన అంకె అలాగే ఉండిపోయేది. అందుకని అక్కడ నడుస్తున్న ప్రోగ్రామ్‌కే జీడీబీసర్వర్ (అక్కడి బోర్డులో ఉండి ఇక్కడి జీడీబీ మాట వినేది) తగిలించి, ఇక్కడి నుంచి చూస్తూ కూర్చున్నాను. అంకె ఆగినట్టు కనబడగానే కంట్రోల్-సి నొక్కాను. ప్రోగ్రామ్ ఆగింది. ఏ లైన్లో ఆగిందో కాగితం మీద రాసుకున్నాను. అమ్మ భోజనానికి పిలిచింది, దిగి వచ్చేశాను. పద్నాలుగు నిమిషాలు గడిచాయి.

ప్రోగ్రామ్ ఆగినప్పుడు రిలే వేసి ఉంది. ఆపాల్సింది ఆ ప్రోగ్రామే కాబట్టి హీటర్ అలా వెలుగుతూనే ఉంది. ఇలాంటి దానికే బోర్డులో వాచ్‌డాగ్ ఉంటుంది. ప్రోగ్రామ్ నుంచి కబురు రాకపోతే అది బోర్డును రీస్టార్ట్ చేస్తుంది. కానీ డీబగ్గర్‌లో ఆపిన ప్రతిసారీ బోర్డు రీస్టార్ట్ అవుతోందని పొద్దున్నే దాన్ని నేనే తీసేశాను. బాబాయ్ మెయిన్ దించేసరికి గది థర్మామీటర్‌లో 83 డిగ్రీలుంది. హీటర్ దగ్గరి ట్రేలో పప్పు నల్లబడింది. ఆ ట్రే ఖరీదు నేను కట్టాను. బాబాయ్ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఆ రాత్రి నిద్రపట్టక ఒకటే ఆలోచించాను. నేను నొక్కిన ఆ మీట ఎక్కడి దాకా వెళ్ళింది, ఎవరిని ఆపింది?

మన మిషన్ మీద మామూలుగా కంట్రోల్-సి నొక్కితే టెర్మినల్‌కి, అంటే కమాండ్లు కొట్టే కిటికీకి, 3 అనే బైటు వెళ్తుంది. లైనక్స్‌కి గుండె లాంటి కెర్నెల్‌లో టెర్మినల్‌ని చూసుకునే భాగం దాన్ని పట్టుకుని, ఆ టెర్మినల్ ముందున్న ప్రోగ్రామ్‌లకి సిగ్‌ఇంట్ అనే సిగ్నల్ పంపుతుంది. దూరంగా ఉన్న మిషన్‌ని డీబగ్ చేస్తున్నప్పుడు ఆ సిగ్నల్ అందేది ఇక్కడున్న జీడీబీకి. జీడీబీ అదే 3 బైటును, ప్యాకెట్‌లో కూడా చుట్టకుండా విడిగా, నెట్‌వర్క్ మీద జీడీబీసర్వర్‌కి పంపుతుంది. అది అక్కడి ప్రోగ్రామ్‌ని ఆపి, "ఆగింది, సిగ్నల్ 2" అని తిరిగి చెబుతుంది. అంటే ఇక్కడొక సిగ్నల్, దారిలో ఒక బైటు, అక్కడ మళ్ళీ సిగ్నల్.

పలాసలో బోర్డుకున్నది 4జీ డాంగిల్. లైన్ మందగిస్తే ఆ బైటు దారిలోనే ఉండిపోతుంది. మనకి టెన్షన్, ఇంకోసారి నొక్కుతాం. అప్పుడు జీడీబీ, అవతలి మిషన్ పలకడం లేదు, డీబగ్ చేయడం మానేద్దామా అని అడుగుతుంది. నేను చాలాసార్లు తొందరలో అవునని కొట్టేశాను. అలా కొడితే అక్కడి ప్రోగ్రామ్ నడుస్తోందో ఆగిందో తెలియకుండానే తాడు తెగిపోతుంది. ఇప్పుడైతే వద్దని చెప్పి, ఇంకో కిటికీలో ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు మిషన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) బోర్డులోకి వెళ్ళి ప్రోగ్రామ్ స్థితి చూస్తాను. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా చూపే పీఎస్‌లో చిన్న టీ అక్షరం కనబడితే డీబగ్గర్ చేతిలో ఆగి ఉందని అర్థం.

ఎస్‌ఎస్‌హెచ్ సంగతీ చెప్పాలి. కమాండ్‌ని నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ వెనకాల ఇచ్చి నడిపితే, అవతల టెర్మినల్ ఉండదు. అప్పుడు కంట్రోల్-సి మన దగ్గరి ఎస్‌ఎస్‌హెచ్‌నే చంపుతుంది, అక్కడి ప్రోగ్రామ్ నడుస్తూనే ఉండొచ్చు. మొదట్లో నాకు ఇలాగే రెండు కాపీలు తయారయ్యాయి. ఒకటి పాత అంకెలతో, ఒకటి కొత్త అంకెలతో, రెండూ ఒకే రిలే మీద. ఒకటి వేస్తే ఒకటి ఆపుతోంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి మైనస్ టీ అనే ఆప్షన్ ఇస్తే అవతల కూడా టెర్మినల్ ఏర్పడి, 3 బైటు అక్కడికే వెళ్ళి సిగ్నల్‌గా మారుతుంది.

ఆ మర్నాడు ఇంట్లో ఉన్న రెండో బోర్డుకి రిలే పెట్టి, హీటర్‌కి బదులు 40 వాట్ల బల్బు కట్టాను. చీకటి పడ్డాక గదిలో అదొక్కటే వెలుతురు. సెన్సర్‌ని అరచేతిలో పట్టుకుంటే అంకె ఎక్కుతుంది. పరీక్ష కోసం పెట్టిన 34 దాటగానే రిలే టిక్కుమని బల్బు ఆరిపోతుంది. చెయ్యి తీస్తే చల్లబడి మళ్ళీ టిక్కుమంటుంది. బల్బు వెలుగుతుండగా డీబగ్గర్ నుంచి కంట్రోల్-సి నొక్కాను. ఈసారి సెన్సర్‌ని గుప్పెట్లో ఎంతసేపు బిగించినా టిక్కు లేదు. బల్బు దగ్గరికి వేళ్ళు పెట్టి చూశాను, సెగ తగిలింది. పలాసలో ఆ పద్నాలుగు నిమిషాలు ఏం జరిగిందో అప్పుడు నా చేతికి తెలిసింది.

ఇంకో విషయం కూడా ఆ బల్బే చూపించింది. సిగ్‌ఇంట్ వస్తే ముందు రిలే ఆపి, తర్వాత బయటపడాలని ప్రోగ్రామ్‌లో రాసిపెట్టాను. డీబగ్గర్ ఉన్నప్పుడు అది పనిచేయదు. జీడీబీ సిగ్‌ఇంట్‌ని తన కోసం వచ్చిందనుకుంటుంది. ప్రోగ్రామ్‌ని ఆపుతుంది, మనకి చెబుతుంది, కంటిన్యూ అన్నా దాన్ని ప్రోగ్రామ్‌కి అందించదు. జీడీబీలోని హ్యాండిల్ కమాండ్‌తో ఆ పద్ధతి మార్చుకోవచ్చు గానీ, అప్పుడు మనం ఆపాలనుకున్నప్పుడు ఇబ్బంది. అందుకని రిలే ఆపే పనిని సిగ్‌టర్మ్ అనే ఇంకో సిగ్నల్‌కి కూడా పెట్టాను. లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపించే సిస్టమ్‌డీ, సర్వీస్‌ని ఆపేటప్పుడు మామూలుగా పంపేది అదే. జీడీబీ దాన్ని చూసి ఆగినా, కంటిన్యూ అనగానే ప్రోగ్రామ్‌కి అందిస్తుంది. అలా పరీక్షించి, టిక్కు విన్నాకే నమ్మాను.

ఇక నడుస్తున్న గది మీద నేను కంట్రోల్-సి నొక్కడం మానేశాను. ఒక లైన్ దగ్గర విలువ కావాలంటే జీడీబీలోని డీప్రింట్‌ఎఫ్ కమాండ్ పెడతాను. అది అంకెను అచ్చు వేసి, ప్రోగ్రామ్‌ని తన దారిన పోనిస్తుంది. మొత్తం చూడాలనిపిస్తే బోర్డు మీద జీకోర్ అనే పనిముట్టు నడిపిస్తాను. మెమరీ అంతా ఫైల్లో దించి వెంటనే వదిలేస్తుంది, ఆ ఫైలును ఇంట్లో తీరిగ్గా విప్పుకుంటాను. సెన్సర్ తప్పు అలాగే దొరికింది. ఒక సిగ్నల్ వచ్చి రీడ్ మధ్యలో తెగినప్పుడు తిరిగొచ్చే ఎర్రర్‌ని నేను పట్టించుకోకుండా పాత అంకెనే వాడుకుంటున్నాను. మళ్ళీ చదవమని మూడు లైన్లు రాశాను, అయిపోయింది.

వాచ్‌డాగ్ మళ్ళీ పెట్టేశాను. పోయిన ఆదివారం పొద్దుటి రైలుకి పలాస వెళ్ళి, ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి, 78 డిగ్రీల దగ్గర హీటర్ లైన్‌ని తెంపే థర్మోస్టాట్ బిగించాను. దానికి ప్రోగ్రామ్‌తో సంబంధం లేదు. పరీక్షించడానికి వాచ్‌డాగ్‌ని కాసేపు తీసి, బాబాయ్ ముందే బోర్డుకి డీబగ్గర్ తగిలించి, రిలే వేసి ఉండగా ఆపాను. ఇద్దరం గది తలుపు దగ్గర నిలబడి థర్మామీటర్‌లో అంకెలు చూస్తున్నాం. 76, 77. బాబాయ్ చెయ్యి మెయిన్ స్విచ్ మీదే ఉంది. 78కి లోపల టప్పుమంది.

"ఆగినాదమ్మా" అన్నాడు బాబాయ్, స్విచ్ మీంచి చెయ్యి తీస్తూ.