రెండు బకెట్ల గాజు పెంకులు, ఒక తులసి కోట

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని మా సింగ్ నగర్ మీద పడ్డప్పుడు మేం పై వాటాలో తలదాచుకుని బయటపడ్డాం. నీళ్లు తీశాక కింది వాటా తలుపు తోస్తే తెరుచుకోలేదు. షోకేస్ బోర్లా పడి అడ్డంగా ఉంది. దాని గాజు అరలు, బీరువా అద్దం, దేవుడి పటాలు, ఊరగాయ సీసాలు, కిటికీ అద్దాలు అన్నీ బురద కిందే. పార ఎక్కడ దించినా కిర్రుమనేది. రబ్బరు చెప్పులతో దిగిన మా ఆయనకి మడమ తెగి నాలుగు కుట్లు పడ్డాయి.

పరుపులు, బియ్యం, బాబు పుస్తకాలు చెత్త లారీల్లో వెళ్లిపోయాయి. గాజు మాత్రం ఎటూ పోలేదు. చెత్త తీసుకెళ్లే అమ్మాయి తన చేతి తొడుగు చూపించి, "అక్కా, ఇవి సంచిలో కలిపేస్తే మా చేతులు కోసుకుపోతాయి, విడిగా పెట్టు" అంది. చిరిగిపోయిన ఆ తొడుగు చూశాక ఇంకేం మాట్లాడలేకపోయాను. అన్నీ ఏరి రెండు పెయింటు బకెట్లలో వేసి మెట్ల కింద పెట్టాను. పాత సామాన్ల అతను పైనుంచి ఒకసారి చూసి, "పగలని సీసాలుంటే ఇవ్వండమ్మా, పెంకులు నాకొద్దు" అన్నాడు. పగలని బీరు సీసాని కడిగి మళ్లీ నింపుతారు, అందుకని దానికి రేటుంది. పెంకుకి లేదు.

ఇది నాకు చాలా బాధనిపించింది. ఎందుకంటే గాజు ఎన్నిసార్లు కరిగించినా నాణ్యత తగ్గని వస్తువు. ఇసుక, సోడా, సున్నపురాయి కరగాలంటే కొలిమిలో 1500 డిగ్రీల దాకా వేడి కావాలి. అందులో పాత గాజు ముక్కలు కలిపితే పని సులువవుతుంది. ప్రతి 10 శాతం ముక్కలకి ఇంధనం సుమారు 2.5 నుంచి 3 శాతం తగ్గుతుంది. కాకపోతే ముక్కలు శుభ్రంగా ఉండాలి, ఏ రంగుకి ఆ రంగు విడిగా ఉండాలి. వేడి తట్టుకునే వంటింటి గాజు గిన్నె ముక్కో, పింగాణీ కప్పు ముక్కో వాటిలో పడిందంటే అది సీసా గాజుతో పాటు కరగదు. కొత్త సీసాలో రాయిలా మిగిలిపోతుంది, ఆ చోటే చిట్లుతుంది. నా బకెట్లలో అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఒక్క ఇంటి రెండు బకెట్ల కోసం కూర్చుని వేరు చేసేవాళ్లెవరు?

ఐదు నెలలు అవి మెట్ల కిందే ఉన్నాయి. ఫిబ్రవరిలో తాపీ మేస్త్రి గారు వచ్చి పెరట్లో తులసి కోట చూశారు. నీళ్లలో నాని ప్లాస్టింగ్ ఉబ్బిపోయి, వేలితో గీకితే రాలుతోంది. "కొట్టేసి కొత్తగా పూత వేస్తానమ్మా, పైన టైల్స్ అతికిద్దామా?" అని అడిగారు. టైల్స్ అనగానే నాకు బకెట్లు గుర్తొచ్చాయి. బకెట్ల కంటే ముందు చండీగఢ్ గుర్తొచ్చింది.

పెళ్లయిన కొత్తలో అక్కడి రాక్ గార్డెన్ చూశాను. నేక్ చంద్ అనే రోడ్ ఇన్‌స్పెక్టర్, కొత్త నగరం కోసం కూల్చేసిన ఊళ్ల శిథిలాలు, పగిలిన పింగాణీ, చేతి గాజుల ముక్కలు సైకిలు మీద మోసుకొచ్చి, 1957 నుంచి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా ఒక లోయలో కట్టుకుంటూ పోయారట. 1976లో అది జనం కోసం తెరిచారు. అక్కడ గాజు ముక్కలు తొడుక్కున్న బొమ్మలు వరసగా నిలబడి ఉంటాయి, ఒక్కొక్కటీ పట్టుచీర కట్టినట్టు. నాకది బాగా గుర్తుండిపోయింది.

అత్తయ్యకి చెబితే ఆవిడ ముఖం మారిపోయింది. "పగిలిన అద్దం ఇంట్లోనే ఉంచకూడదంటారు, నువ్వు తులసమ్మకి అంటిస్తావా?" అన్నారు. నేను వాదించలేదు. రెండు రోజులు పోయాక ఆవిడే ఒక రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. నిండా చేతి గాజులు. వరదకి తడిసి, కొన్ని విరిగి, కొన్ని చేతికి పట్టనివి. మనకి గాజు అన్నా చేతి గాజు అన్నా ఒకటే మాట కదా. ఆవిడ గాజు పగిలింది అనరు, పెరిగింది అంటారు. "ఇవి పగిలిన అద్దం కాదమ్మాయ్, పెరిగిన గాజులు. కోటకి ఇవి పెట్టు. అద్దం ముక్కలు మాత్రం వద్దు." ఆ షరతుకి ఒప్పుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ షరతే పనిని కాపాడింది. ఎలాగో తర్వాత చెబుతాను.

ముందు కడగడం. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో ఒక రోజంతా నానబెట్టి, మందపాటి రబ్బరు తొడుగులేసుకుని, పాత టూత్ బ్రష్‌తో ఒక్కొక్కటీ. వేరు చేస్తుంటే గాజులో ఇన్ని రకాలున్నాయా అనిపించింది. కిటికీ అద్దం తెల్లగా కనిపిస్తుంది గానీ, అంచు వైపు నుంచి చూస్తే ఆకుపచ్చ. ఇసుకలో ఉండే ఇనుము వల్ల ఆ రంగు. బీరు సీసా గోధుమ రంగు కూడా ఇనుముదే, దానికి గంధకం తోడవుతుంది. ఆ రంగు వెలుతురుని ఆపి లోపలిదాన్ని చెడకుండా కాపాడుతుంది. అత్తయ్య నీలం గాజులు కోబాల్ట్‌వి, చుక్కంత ముక్కలో కూడా అదే చిక్కదనం. మన చేతులకొచ్చే గాజుల్లో ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో తయారై వచ్చినవే.

కోయడం నాకు రాదు. గవర్నర్‌పేటలో పటాలు కట్టే షాపు పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన కట్టర్ చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి, అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కటే గీత గీశారు. పట్టుచీర చింపినట్టు సన్నగా ఒక చప్పుడు. గీతకి అటూ ఇటూ బొటనవేళ్లు పెట్టి కిందికి వంచితే టక్కున రెండుగా విడిపోయింది. "రెండోసారి గీయొద్దమ్మా. గీశావంటే కట్టర్ పాడవుతుంది, అద్దం తన ఇష్టం వచ్చిన దారిలో పోతుంది" అన్నారు. అంతా ఆ ఒక్క గీతలో ఉంది. గీత లోతుగా ఉండక్కర్లేదు, ఎక్కడా తెగిపోకుండా ఉంటే చాలు. నాకు పది పన్నెండు ముక్కలు పాడయ్యాక చెయ్యి కుదిరింది.

అప్పటికే ఇంట్లో ఒక పొరపాటు చేశాను. వరదకి చెక్కుచెదరని టీపాయ్ పై అద్దాన్ని కోద్దామని గీత పెట్టి వంచాను. తుపాకీ పేలినట్టు పేలి హాలంతా గింజలు గింజలుగా చిమ్మింది. కళ్లజోడు ఉండబట్టి బతికిపోయాను. పెద్దాయనకి చెబితే, "మూలన చిన్న ముద్ర చూసుకోలేదా? అది టఫెన్డ్. దాన్ని కోయకూడదు" అన్నారు. ఆ గాజుని బాగా కాల్చి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర బిగుసుకుని ఉంటుంది, లోపలి పొర లాగుతూ ఉంటుంది. ఒక్క చోట తెగితే మొత్తం వదిలేసుకుంటుంది. బస్సు పక్క అద్దాలు పగిలినప్పుడు రోడ్డు మీద కుప్పగా పడే గింజలు కూడా ఇవే. ఎవరైనా ఈ పని మొదలుపెడితే, మూలలు చూడకుండా ఏ అద్దం మీదా కట్టర్ పెట్టొద్దు, దయచేసి.

ఇక అంచులు. నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ ఇదే. ఉదయం అత్తయ్య చెప్పులు లేకుండా కోట చుట్టూ ప్రదక్షిణ చేస్తారు, పట్టుకోసం కోట మీద చెయ్యి వేస్తారు. ఎక్కడా గుచ్చుకోకూడదు. పెయింటర్లు వాడే వాటర్ పేపర్ తెచ్చుకున్నాను, 120 నంబరుతో మొదలుపెట్టి 220, ఆఖరికి 400. పొడిగా రుద్దకూడదు, గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తొట్టెలో నీళ్లు పెట్టుకుని అందులో ముంచి ముంచి రుద్దాలి. రోజుకి ముప్పై ముక్కలైతే గొప్ప.

నా చేతులు చూసి మేస్త్రి గారే ఉపాయం చెప్పారు. పక్క వీధిలో స్లాబు వేస్తున్నారు, కాంక్రీటు కలిపే మిల్లర్ అక్కడే ఉంది. పని అయ్యాక సాయంత్రం అందులో బీరు సీసా పెంకులు, ముతక ఇసుక, నీళ్లు పోసి తిప్పారు. డీజిల్ డబ్బులు నేనిచ్చాను. రెండు గంటలు ఒకటే గోల. ఆపి జల్లెడలో పోస్తే, పటికబెల్లం ముక్కలు! అంచులన్నీ కరిగి, పైన మంచు పట్టినట్టు మసక. చిన్నప్పుడు సూర్యలంక సముద్రం ఒడ్డున ఇలాంటి ఆకుపచ్చ ముక్క ఒకటి దొరికితే మణి అనుకుని దాచుకున్నాను. అల లాగి లాగి ఇసుకలో ఏళ్ల తరబడి చేసే పనే అది. కోట అడుగున రెండు వరసలూ ఇవే పెట్టాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

మొదటి అతుకు మొత్తం ఊడిపోయింది. మామూలు సిమెంటు మాలు రాసి నాలుగు వరసలు పెట్టాను. మూడో రోజు వేలు తగిలితే ముక్కలు ఊడి చేతిలోకి వచ్చేశాయి. ఇటుక నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి సిమెంటు దాన్ని పట్టుకుంటుంది. గాజు చుక్క కూడా పీల్చదు. పైగా బూడిద రంగు సిమెంటు మీద నా ఆకుపచ్చ ముక్కలన్నీ మురికిగా కనిపించాయి. గాజు వెనక ఏ రంగుంటే అదే ముందుకొస్తుంది. మొత్తం గీకేసి, గాజు టైల్స్‌కి కూడా పట్టే తెల్ల టైల్ గమ్ 20 కిలోల బస్తా తెప్పించి మళ్లీ మొదలుపెట్టాను.

ఈలోగా మే వచ్చేసింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, బెజవాడలో అది ఊరికే అనే మాట కాదు. తొమ్మిదయ్యేసరికి రాసిన గమ్ పది నిమిషాల్లో పైన పొర కట్టేస్తోంది. పొర కట్టాక పెడితే ముక్క పట్టదు. అందుకని ఐదింటికే లేచి ఏడున్నర దాకా, ఒకసారికి అరచేతి వెడల్పు మాత్రమే రాసి పెట్టేదాన్ని. గోధుమ రంగు ముక్కలు ఎండకి బాగా కాలతాయి, సాగుతాయి. అందుకే ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో అగ్గిపుల్ల పట్టేంత సందు వదిలాను.

చేతి గాజుల్ని వంపు చెడకుండా, గాజు తుంచే నిప్పర్‌తో మూడేసి ముక్కలు చేశాను. రెండు వంపులు ఎదురెదురుగా పెడితే ఒక ఆకు. ఆరు ఆకులు కలిస్తే పువ్వు. నడుమ టీపాయ్ గింజ ఒకటి. అత్తయ్య ముక్కాలిపీట వేసుకుని పక్కన కూర్చుని రంగులు ఏరి ఇచ్చేవారు. "ఇది మీ ఆడబిడ్డ సీమంతానికి వేసుకున్నది. ఇది మీ మామయ్య తిరునాళ్లలో కొన్నది." ఒక్కో గాజు ఎప్పటిదో ఆవిడకి తెలుసు. మామయ్య కొన్న ఎర్ర గాజు ముక్కల్ని తూర్పు వైపు పువ్వులో పెట్టమన్నారు, పొద్దున్నే ఎండ పడే చోట.

సందులు నింపడానికి ఇసుక లేని జాయింట్ ఫిల్లర్ వాడాను. ఇసుక ఉన్నది గాజు మీద గీతలు పెడుతుంది. తడి స్పాంజితో తుడిచి, గంటాగి పొడి గుడ్డతో రుద్దితే ఆ తెల్ల పొర పోయి రంగులు పైకి తేలాయి.

మిగిలిన పెంకుల్ని సిమెంటులో కలిపి అరుగు పోయిద్దామనుకున్నాను. ఎదురింటి అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ చదువుతోంది. తను వద్దంది. సిమెంటులోని క్షారం గాజులోని సిలికాతో కలిసి బంకలా తయారవుతుందట, అది తేమ పీల్చి ఉబ్బి కాంక్రీటుని చీలుస్తుంది. అదే గాజుని మెత్తటి పిండి చేస్తే మాత్రం సిమెంటుతో కలిసిపోయి బలమే ఇస్తుంది. పిండి చేసే సాధనం నా దగ్గర లేదు. అరుగు మానేశాను.

అద్దం ముక్కల సంగతి చెబుతానన్నాను కదా. అత్తయ్య వద్దన్నారని వాటిని విడిగా పెట్టి, తర్వాత కొన్నిటిని మెట్ల పక్క గోడకి సిలికాన్ గమ్‌తో అతికించాను. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ అది. కొన్నాళ్లకి ముక్కల వెనక వెండి పూత మచ్చలు మచ్చలుగా నల్లబడిపోయింది. ఆ వాసనొచ్చే ఆమ్లం పూతని తినేస్తుంది. అద్దాలకి న్యూట్రల్ సిలికాన్ విడిగా దొరుకుతుందని అప్పుడు తెలిసింది. రోజూ నీళ్లు పోసే తులసి కోటకి వాటిని పెట్టి ఉంటే ఎలా ఉండేదో తలచుకుంటేనే భయమేస్తుంది. మిగిలిన అద్దం ముక్కలు అర బకెట్ అలాగే ఉన్నాయి, మూత పెట్టి, పైన పెయింటుతో "గాజు" అని రాసి పెట్టాను.

జూన్ చివర్లో తులసి మొక్క నాటాం. మర్నాడు పొద్దున అత్తయ్య ప్రదక్షిణకి ముందు కోట చుట్టూ నెమ్మదిగా నడుస్తూ, అరచేత్తో పైనుంచి కిందికి అన్ని వైపులా తడిమి చూశారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఉత్తరం వైపు వంగి ఆగారు.

"అమ్మాయ్, ఇక్కడొకటి కొంచెం గుచ్చుకుంటోంది."

చెంబుతో నీళ్లు, 400 నంబరు పేపరు పట్టుకుని వెళ్లాను.