సిగరెట్ మానేవాడి తొలి కాఫీ సామగ్రి

సిగరెట్ మానేస్తున్నానని చెప్పగానే నాకు అందిన మొదటి సలహా ఈ-సిగరెట్. విదేశంలో ఉన్న మా బావమరిది ఫోనులో పాఠమే చెప్పాడు: ‘‘మొదటిసారి కదా బావా, ద్రవం నింపిన పాడ్ ఉన్న చిన్నది చాలు, దాన్ని వేడిచేసే తీగ, అదే కాయిల్, మార్చే గొడవ ఉండదు.’’ అతనుండే చోట అది దుకాణంలో దొరికే వస్తువు. మన దగ్గర ఆ దారి 2019లోనే మూసుకుపోయింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధమే. అమ్ముతూ మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. విశాఖలో ఎవరైనా చాటుగా ఇస్తామన్నా, ఆ ద్రవంలో నికోటిన్ ఎంతుందో, ఇంకేం కలిపారో అడిగే నాథుడు ఉండడు. పొగ మానడానికి బయలుదేరి అటువంటి సరుకు పీల్చడం నాకు నచ్చలేదు.

కాబట్టి నా సామగ్రి రెండు రకాలు. నికోటిన్ కోరికకు మందుల దుకాణంలో దొరికే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్. ఖాళీగా ఉండలేని చేతులకు కాఫీ.

గమ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తే ఎక్కిళ్లు, గుండెల్లో మంట ఖాయం. మెల్లగా నమిలి, నోటికి కారం తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అరగంటలో దాని పని అయిపోతుంది. నిద్రలేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించే అలవాటున్నవారికి 4 మిల్లీగ్రాములది సూచిస్తారు. అది వైద్యుణ్ని అడిగి తీసుకోవడం మంచిది.

ఇక కాఫీ. మనకు అరకు ఉండగా గింజల కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది, వాళ్ల కాఫీ తేలికగా దొరుకుతుంది. పొట్లం మీద చికోరీ, అంటే కాఫీలో కలిపే వేరు పొడి, ఎంతుందో మాత్రం చదవాలి. డికాక్షనుకు చికోరీ బలం ఇస్తుంది గానీ, పాలు లేకుండా తాగే కాఫీలో గింజ రుచిని మింగేస్తుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే గ్రైండర్ మీద. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. నాది కాగితం ఫిల్టరులో పొడి వేసి, పైనుంచి వేడినీళ్లు పోసి దించే కాఫీ; ఆ ఫిల్టరు పెట్టే గరాటు ప్లాస్టిక్‌ది చాలు. గాజు, పింగాణీ గరాటులు చూడటానికి బాగుంటాయి గానీ ముందు అవే వేడిని తాగేస్తాయి. గ్రైండర్ మాత్రం చేత్తో తిప్పేదైనా సరే, లోపల బ్లేడు కాకుండా గింజల్ని నలిపే పళ్ల చక్రాలు, అంటే ఉక్కు బర్రులు, ఉన్నది కొనాలి. బ్లేడు మిక్సీలో సగం పిండి, సగం పలుకులు. పిండి చేదు దిగుతుంది, పలుకులు పులుపు దగ్గరే ఆగిపోతాయి. నాకు కుదిరిన పొడి బొంబాయి రవ్వలా వేళ్ల మధ్య గరగరలాడుతుంది. గ్రాములో పదో వంతు చూపించే తూకం ఒకటి ఉంటే సామగ్రి పూర్తయినట్టే. పొడవాటి ముక్కు కెటిల్ తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పటి కొలత: 15 గ్రాముల పొడికి 250 మిల్లీలీటర్ల నీళ్లు. మరిగాక కాసేపు ఆగి, ముందు 40 మిల్లీలీటర్లు పోస్తాను. తాజా గింజలైతే పొడి ఉబ్బి బుడగలు కక్కుతుంది. అరనిమిషం తర్వాత మిగతావి మెల్లగా, గుండ్రంగా. మొత్తం మూడు నిమిషాల పని. సిగరెట్ కోరిక కూడా చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది కాబట్టి, ఆ గండం గడవడానికి ఇది సరిగ్గా సరిపోతోంది. పొడి ముందే పట్టి ఉంచుకుంటే ఆ ఉబ్బడం పోతుంది, మన సముద్రపు తేమకు ఇంకా త్వరగా పోతుంది. అందుకే గింజలు గాలి చొరని డబ్బాలో పెట్టి, ఏ పూటది ఆ పూటే పడుతున్నాను.

రెండు సామగ్రులకూ మధ్య తగవు ఉంది. కాఫీ ఆమ్లం వల్ల గమ్‌లోని నికోటిన్ నోటి పొరల్లోంచి సరిగా ఎక్కదు. అందుకని గమ్‌కు ముందు 15 నిమిషాలు, గమ్ నోట్లో ఉన్నంతసేపూ కాఫీ బంద్. అంతకంటే ఆసక్తికరమైన సంగతి కాలేయంలో ఉంది. పొగలోని కొన్ని పదార్థాలు కెఫీన్‌ను విరిచే ఎంజైమును ఉరకలెత్తిస్తాయి. ఆ పని నికోటిన్‌ది కాదు, పొగది. కాబట్టి గమ్ నములుతున్నా, పొగ ఆగిన కొద్ది రోజులకే ఆ వేగం తగ్గి, పాత కొలతలో తాగిన కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. చేతి వణుకు, నిద్రలేమి వస్తే అది పొగ మానిన బాధే అనుకుంటారు చాలామంది. కెఫీన్ వాటా కూడా అందులో ఉండవచ్చు. నేను కప్పులు తగ్గించాను, సాయంత్రం కాఫీ పూర్తిగా మానేశాను.

దానితో చిక్కల్లా సాయంత్రాలే. బీచ్ రోడ్డు మీద నడకలో పక్కవాడి పొగ ముక్కుకు తగిలితే కాళ్లు ఆగుతాయి. ఆ వేళకు జేబులో గమ్. మానుకునే తిప్పల్లో మనిషితో మాట్లాడాలనిపిస్తే పొగాకు మానేవారికి ఫోనులో సాయపడే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం.

నాలుకకు రుచి మెల్లగా తిరిగి వస్తోంది. మొదట్లో చేదు తప్ప ఏమీ తెలియని అరకు కాఫీలో ఇప్పుడు నిమ్మజాతి పులుపు తెలుస్తోంది. వచ్చే నెల పండుతోనే ఎండబెట్టిన గింజలు, కడిగి ఎండబెట్టినవి పక్కపక్కన పెట్టి, కొలత మార్చకుండా తాగి చూస్తాను.