మాత్రలు మానేస్తేనే విశ్వాసమా?

"అక్కా, మా బాబుకు తొమ్మిదేళ్ళు. మూర్ఛ వస్తుంది. స్వస్థత కూటంలో ప్రార్థన చేయించాం. మాత్రలు మానేస్తేనే విశ్వాసం ఉన్నట్టు అన్నారు, మానేశాం. రెండు వారాలకు మళ్ళీ వచ్చింది. మీ ఇంట్లో ఎవరిదో పాపం అడ్డుగా ఉందంటున్నారు. ఎవరిదో ఎలా తెలుసుకోవాలి?"

మా స్త్రీల సమాజంలో వాక్యం చెబుతాను కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నా దగ్గరికి వస్తుంటాయి. ఈ తల్లి ప్రశ్న చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమెకు ఫోనులో చెప్పిన మొదటి మాట వాక్యం గురించి కాదు. ఇప్పుడే డాక్టరుకు ఫోను చేయండి, మాత్రలు ఆపిన సంగతి దాచకుండా చెప్పండి, మళ్ళీ ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో ఆయన్నే అడగండి అన్నాను. మూర్ఛ మందులు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ముందు పిల్లవాడి సంగతి, తరువాతే మన చర్చ.

ఇప్పుడు వాక్యానికి వస్తాను. అచ్చం ఈ తల్లిలాంటి తండ్రి ఒకాయన సువార్తల్లో ఉన్నాడు. మత్తయి 17వ అధ్యాయంలో ఆయన యేసు ముందు మోకాళ్ళూని, తన కుమారుడు చాంద్రరోగి, అంటే మూర్ఛరోగి అని, తరచుగా అగ్నిలోనూ నీళ్ళలోనూ పడుతున్నాడని మొరపెట్టుకుంటాడు. నీ శిష్యుల దగ్గరికి తీసుకొచ్చాను, వారు స్వస్థపరచలేకపోయారు అంటాడు. అంటే అక్కడ కూడా ప్రార్థించేవారు ఉన్నారు, పిల్లవాడు బాగుపడలేదు. తరువాత శిష్యులు ఏకాంతంగా వచ్చి మేమెందుకు చేయలేకపోయాం అని అడిగితే, ప్రభువు "మీ అల్పవిశ్వాసము చేతనే" అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. పిల్లవాడితో అనలేదు, తండ్రితో అనలేదు. స్వస్థపరచబోయి చేతకాక నిలబడ్డవారితో అన్నాడు. మన కూటాల్లో అదే మాట రోగి మీదికి, రోగి తల్లి మీదికి వచ్చి పడుతోంది. ఏ అధికారంతో అలా తిప్పుతున్నారో నాకు అర్థం కాదు.

ఇదే సంఘటనను మార్కు 9లో చదివితే ఆ తండ్రి ఒప్పుకోలు కనిపిస్తుంది: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." సగం నమ్మకం, సగం భయం ఉన్న మనిషి. ఆ సగం నమ్మకానికే అతని కొడుకు లేచి నిలబడ్డాడు. పక్షవాయువు గలవాడిని నలుగురు మోసుకొచ్చినప్పుడు యేసు చూసింది ఆ మోసుకొచ్చినవారి విశ్వాసాన్ని. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ళుగా పడి ఉన్నవాడికైతే తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు. విశ్వాసం ఇంత ఉంటేనే ఇంత స్వస్థత అనే కొలత ఈ సంఘటనల్లో నాకు ఎక్కడా దొరకలేదు.

"ఆ తండ్రి కొడుకులో దయ్యం ఉందని రాసి ఉంది కదా, మా బాబుకూ అదేనా?" అని ఆమె ఆ తరువాత అడిగింది. బహుశా ఆమె అసలు భయం ఇదే. ఆ పిల్లవాడి విషయంలో సువార్త అలాగే చెబుతుంది, నేను దాన్ని తోసిపుచ్చను. కానీ అదే మత్తయి 4వ అధ్యాయం 24వ వచనంలో ప్రభువు దగ్గరికి తెచ్చినవారి వరుస చూడండి: దయ్యము పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు. వేరువేరుగా రాశాడు. ప్రతి మూర్ఛా దయ్యమే అయితే వేరుగా రాయవలసిన పని లేదు. కాబట్టి అమ్మా, మీ బాబు ఎదుట ఎవరినీ ఆ మాట అననివ్వకండి. తొమ్మిదేళ్ళ పిల్లవాడు తన గురించి అలాంటి మాట విన్నాక దాన్ని ఎంతకాలం మోస్తాడో ఆ అనేవాళ్ళకు తెలియదు.

ఇక "ఎవరిది పాపం" అన్న ప్రశ్న. దీన్ని శిష్యులే అడిగారు, యోహాను 9లో, పుట్టు గుడ్డివాణ్ణి చూపించి: "వీడా, వీని కన్నవారా?" వీడూ కాదు, వీని కన్నవారూ కాదు అన్నాడు ప్రభువు. ఇక్కడితో ఆపేస్తే నేను సగమే చెప్పినట్టు. ఎందుకంటే బేతెస్ద దగ్గర బాగుపడినవాడితో, మరి ఎక్కువ కీడు కలగకుండా ఇకను పాపం చేయవద్దని కూడా ఆయనే అన్నాడు. కొరింథులో కొందరు ప్రభువు బల్లను, అంటే ఆయన జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచారాన్ని, అవమానించి రోగులయ్యారని పౌలు రాశాడు. పాపానికీ రోగానికీ సంబంధం అసలే ఉండదని బైబిలు చెప్పదు. ఉందని ఫలానా మనిషి విషయంలో చెప్పగలిగింది మాత్రం హృదయాలు ఎరిగినవాడూ, ఆయన పంపిన అపొస్తలుడూ. పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ పని అప్పగించలేదు. కష్టాల్లో పడ్డ యోబును చూడవచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు విప్పకుండా అతనితో నేల మీద కూర్చున్నారు; వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పి నీ పాపమే కారణమని మొదలుపెట్టినందుకు చివరి అధ్యాయంలో దేవుని కోపం వాళ్ళ మీదే రగులుకుంది.

యాకోబు 5వ అధ్యాయం చూపించి నన్ను నిలదీసేవారు ఉంటారు. చూపించండి, నాకు ఎంతో ఇష్టమైన భాగం అది. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలి, వారు నూనె రాసి ప్రార్థించాలి. విశ్వాససహితమైన ఆ ప్రార్థన చేయవలసింది పెద్దలు. ఆ తరువాతి మాట, "అతడు పాపములు చేసినవాడైతే". అయితే! చేసి ఉంటాడని ముందే తీర్మానించలేదు. నేను ప్రార్థనను నమ్ముతాను. డాక్టర్లు చేతులెత్తేసినవారు లేచి సాక్ష్యం చెప్పడం విన్నాను, వారితో కలిసి స్తుతించాను. అయితే మందులను చెత్తబుట్టలో వేయమని యాకోబు రాయలేదు. హిజ్కియా రాజు రోగంతో చావుకు దగ్గరై ప్రార్థించినప్పుడు దేవుడు పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తానన్నాడు, ఆ కబురు తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. పౌలు తిమోతికి కడుపు జబ్బు నిమిత్తం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకొమ్మని రాశాడు, త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చాడు, తన శరీరంలోని ముల్లు కోసం మూడుసార్లు వేడుకుని "నా కృప నీకు చాలును" అన్న జవాబుతో జీవించాడు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. వీరందరికీ విశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా?

మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. పొద్దున్నే వార్డులో పాట పాడి, ప్రార్థన చేసి, ఆ తరువాత మందుల ట్రే పట్టుకునేది. రెండూ ఆమెకు ఒకే సేవ. మిషనరీ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచింది విశ్వాసం లేకనా? వేలూరులో మరో మిషనరీ డాక్టరమ్మ ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలకే ఈరోజు మన జిల్లాల నుంచి విశ్వాసులు, అవిశ్వాసులు రైలెక్కి పోతున్నారు. మందును అవిశ్వాసం అనేవారు ఈ తల్లుల కష్టాన్ని తెలియకుండానే తీసిపారేస్తున్నారు.

మిగిలిన ప్రశ్నల్లో ఒకటి చిన్నది. తోడికోడలి ఇంట్లో వ్రతం, ప్రసాదం పెడితే ఏం చేయాలి? మొదటి కొరింథీయులు 10 చదవండి. భోజనానికి పిలిచినవారు వడ్డించింది ప్రశ్నలు వేయకుండా తినమన్నాడు, ఇది బలి అర్పించినది అని ఎవరైనా చెబితే వారి మనస్సాక్షి కోసం తినవద్దన్నాడు. కాబట్టి ప్రసాదం అని చేతికిస్తే నవ్వుతూ, చేతులు జోడించి వద్దనండి. పక్కన పులిహోర, బూరెలు పెడితే కడుపునిండా తినండి. ఎదుటే తీసుకుని వెనక పారేయడం మాత్రం చేయకండి. వారికి అది పవిత్రం.

రెండోది ఒక పెద్దావిడ అడిగింది. ఆమెకు నెలకు 4,000 రూపాయల వితంతు పింఛను. దాంట్లో పదో వంతు, అంటే 400, సంఘానికి దశమ భాగంగా కట్టలేక బాకీ పడింది. దశమ భాగం ఇవ్వనివారికి మలాకీ 3వ అధ్యాయంలో చెప్పిన శాపం తగులుతుందని భయపడి కొన్నాళ్ళుగా ప్రభువు బల్లలో పాలుపంచుకోవడం కూడా మానుకుంది. పిన్నిగారూ, ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. మూడేళ్ళకొకసారి దశమ భాగం ఊరి గుమ్మాల్లో ఉంచి లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తిపొందాలని ఉంది. ధర్మశాస్త్రం ప్రకారమే చూసినా ఆ దశమ భాగంలో మీకు రావలసిన పాలు ఉంది. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు మెచ్చుకున్నాడు, నిజమే. ఆ కథకు కాస్త ముందే విధవరాండ్ర ఇళ్ళు దిగమింగేవారిని గద్దించాడు. ఇవ్వాలని మనసైతే పది రూపాయలు సంతోషంగా వేయండి. సణుగుకొనకయు బలవంతముగా కాకయు అన్నది మీ కోసం కూడా. బీపీ మాత్రలు కొన్నాకే వేయండి. బాకీ పుస్తకం ఎవరైనా చూపిస్తే నన్ను పిలవండి, నేను వచ్చి మీ పక్కన కూర్చుని మాట్లాడతాను. వచ్చే మొదటి ఆదివారం మాత్రం బల్ల దగ్గరికి తప్పకుండా రండి.