జనవరి 20 నుంచి 30 వరకు: మన చరిత్ర సంఘం ఢిల్లీ ఫోటోలు

మన కళాశాల చరిత్ర సంఘం 1979 జనవరిలో చేసిన ఢిల్లీ యాత్ర ఫోటోలు ఇన్నేళ్లూ నలుగురైదుగురి ఇళ్లలో చెల్లాచెదురుగా ఉండిపోయాయి. ఈ సంచిక కోసం వాటన్నిటినీ ఒకచోట చేర్చే పని సంపాదక వర్గం నాకు అప్పగించింది. దాదాపు అన్నీ ఆగ్ఫా క్లిక్ కెమెరాతో తీసిన నలుపు తెలుపు ఫోటోలే. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నవి, చదరపువి. ఆ కెమెరాలో రీలుకు పన్నెండు ఫోటోలే వచ్చేవి. అందుకే మీట నొక్కేముందు ప్రతిసారీ ఇది తీయాలా, రీలు మిగుల్చుకోవాలా అని చిన్న వాదన నడిచేది. ఢిల్లీ పొగమంచు వల్ల ఉదయం తీసినవి వెలిసిపోయినట్లు వచ్చాయి. సాయంత్రం తీసినవి మాత్రం ఈనాటికీ చెక్కుచెదరలేదు.

కుతుబ్ మీనారు ముందు నిలబడినవి, ఆగ్రాలో తాజ్‌మహల్ శిఖరాన్ని వేళ్లతో పట్టుకున్నట్లు తీయించుకున్నవి ఎవరి యాత్రలోనైనా ఉంటాయి. వాటిని సంచిక వెనుక పుటల్లో వేస్తున్నారు, చూసి సంతోషించండి. నేను రాయదలచుకున్నది మిగిలిన ఫోటోల గురించి. వాటిలో చూడదగ్గ కట్టడమేదీ కనిపించదు. ఒక హోటలు వరండా, ఒక గోడ, రైల్వే స్టేషన్ ముఖద్వారం, ఒక పోలీసు ఠాణా బోర్డు, ముళ్లపొదల మధ్య కాలిబాట. తెలియనివాళ్లు చూస్తే పొరపాటున మీట నొక్కుకుపోయిందనుకుంటారు. అవన్నీ గాంధీజీ హత్యకు సంబంధించిన చోట్లు.

ఢిల్లీ వెళ్లినవాళ్లు రాజ్‌ఘాట్‌కు వెళ్లి దండం పెట్టుకుని రావడం మామూలే. మన చరిత్ర మాస్టారు అలా కుదరదన్నారు. బయలుదేరడానికి ముందే తరగతిలో నల్లబల్ల మీద రెండు తేదీలు రాశారు: 1948 జనవరి 20, జనవరి 30. "ఆయన్ని ఎవరు చంపారో మీకందరికీ తెలుసు. ఈ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో, ఏం జరగలేదో చెప్పండి" అన్నారు. మాలో ఒక్కరం కూడా నోరు విప్పలేదు. యాత్ర ప్రణాళికంతా ఆ ప్రశ్న మీదే తయారైంది. ఏ చోటు దేనికి దగ్గర, బస్సు ఛార్జీ ఎక్కడ కలిసొస్తుంది అన్న లెక్క ఆయన చూడలేదు. సంఘటనలు జరిగిన వరుసలోనే చోట్లు చూడాలన్నారు. అందువల్ల గాంధీజీ చివరి రోజులు గడిపిన బిర్లా భవన్‌కు రెండుసార్లు వెళ్లాం. ఒకసారి జనవరి 20 కోసం, మరోసారి 30 కోసం.

వరుసలో మొదటి ఫోటో కన్నాట్ సర్కస్‌లోని మెరీనా హోటలుది. తెల్లటి స్తంభాల ముందు మాలో ఎనిమిది మంది స్వెట్టర్లు, మఫ్లర్లతో బిగుసుకుపోయి నిలబడ్డాం. 1948 జనవరి 17న నాథూరాం గోడ్సే, అతని తోటి కుట్రదారు నారాయణ్ ఆప్టే, దేశ్‌పాండే అనే మారుపేరుతో ఈ హోటల్లో 40వ నంబరు గదిలో దిగారు. అప్పటికి గాంధీజీ నిరాహార దీక్షలో ఉన్నారు. ఢిల్లీలో మతకలహాలు ఆగాలని 13న మొదలుపెట్టిన ఆ దీక్ష, అన్ని వర్గాల పెద్దలూ కలిసి శాంతికి హామీ ఇచ్చాక 18న ముగిసింది. పాకిస్తాన్‌కు రావలసిన 55 కోట్ల రూపాయలు విడుదల చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది కూడా ఆ దీక్ష రోజుల్లోనే. ఒకవైపు ఊరి పెద్దలు శాంతి పత్రం మీద సంతకాలు పెడుతున్నారు. మరోవైపు ఊరి నడిబొడ్డున ఒక హోటలు గదిలో హత్యకు పథకం సిద్ధమవుతోంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని మాస్టారు ఆ ఫుట్‌పాత్ మీద నిలబెట్టి చెప్పినప్పుడు, అంతవరకు పరీక్షల కోసం బట్టీపట్టిన తేదీలు మొదటిసారి మనుషులుగా కనిపించాయి నాకు.

ముళ్లపొదల ఫోటో హిందూ మహాసభ భవనం వెనుక తీసింది. 20వ తేదీ ఉదయం కుట్రదారులు ఆ పక్కనున్న అడవిలాంటి చోట తమ రివాల్వర్లు పరీక్షించుకున్నారు. అవి సరిగా పేలలేదు. అయినా సాయంత్రానికి బిర్లా భవన్ చేరారు.

తరువాతిది గోడ ఫోటో. నన్నడిగితే ఈ సంచిక ముఖచిత్రంగా దాన్నే వేయమంటాను. బిర్లా భవన్ వెనుకభాగంలో ప్రార్థన స్థలానికి దగ్గరలో ఉన్న ప్రహరీ అది. 20వ తేదీ ప్రార్థన సమయంలో మదన్‌లాల్ పహ్వా అనే శరణార్థి యువకుడు ఆ గోడ దగ్గర గన్‌కాటన్ దిమ్మె పేల్చాడు. ఆ గందరగోళంలో కుట్రదారుల్లో ఒకడైన దిగంబర్ బాడ్గే పనివాళ్ల గదిలోకి వెళ్లి, వేదిక వెనుకనున్న కిటికీ జాలీలోంచి గాంధీజీ మీద కాల్పులు జరపాలన్నది పథకం. ఆ గదిలో ఇరుక్కుపోతానేమోనని బాడ్గే చివరి క్షణంలో వెనక్కి తగ్గాడు. మిగిలినవాళ్లు టాక్సీలో పారిపోయారు. మదన్‌లాల్‌ను అక్కడే ఉన్న ఒక స్త్రీ గుర్తుపట్టి చూపడంతో పట్టుకున్నారు. గాంధీజీ మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలకుండా ప్రార్థన కొనసాగించారు. ఆ యువకుణ్ని ద్వేషించవద్దని మర్నాడు అందరికీ చెప్పారు.

ఫోటోలో మాస్టారు గోడ వైపు తిరిగి చెయ్యి చాపి ఉన్నారు. మొహం కనిపించదు. కోటు భుజం మీద సుద్దముక్క పొడి అంటుకున్నట్లు తెల్లటి మరక ఒకటి కనిపిస్తుంది. ఆ మరక ఫోటో కడిగినప్పుడు పడిందేనేమో. ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోరు. ఆ గోడ దగ్గర ఆయన చెప్పింది ఇప్పటికీ చెవుల్లో ఉంది. "హత్య ఇక్కడే ఆగిపోవలసింది. మనిషి దొరికాడు. ముఠా ఉందని తెలిసింది. పది రోజుల గడువుంది. చరిత్ర విద్యార్థి దండం పెట్టవలసిన చోటు రాజ్‌ఘాట్, ప్రశ్న అడగవలసిన చోటు ఇది."

నిజంగానే ఆ పది రోజులు చదివితే ఇప్పటికీ మనసు కలచివేస్తుంది. పూనాలోని ఒక మరాఠీ పత్రిక సంపాదకుడి ప్రస్తావన మదన్‌లాల్ విచారణలోనే వచ్చింది. ఆ సంపాదకుడు గోడ్సేనే. హోటలు గది వెతికితే ఎన్.వి.జి. (నాథూరాం వినాయక్ గోడ్సే) అన్న గుర్తున్న బట్టలు చాకలి దగ్గర దొరికాయి. బొంబాయిలో రుయా కళాశాల ఆచార్యుడు జగదీశ్‌చంద్ర జైన్‌కు మదన్‌లాల్ ముందే కుట్ర సంగతి చెప్పి ఉన్నాడు. పేలుడు వార్త చూసిన ఆయన 21న బొంబాయి హోం మంత్రి మొరార్జీ దేశాయ్‌ని కలిసి తనకు తెలిసిందంతా చెప్పేశాడు. ఇన్ని దారాలు చేతికి అందాయి, ముడి మాత్రం ఎవరూ వేయలేదు. ఢిల్లీ పోలీసులకు, బొంబాయి పోలీసులకు మధ్య సమాచారం నలిగిపోయింది. బిర్లా భవన్ దగ్గర కాపలా పెంచారు. కానీ ప్రార్థనకు వచ్చేవాళ్లను సోదా చేయడానికి గాంధీజీ ఒప్పుకోలేదు. ఆ మాట సాకుగా చెప్పడం నాకు ససేమిరా నచ్చదు. సోదా వద్దన్నది ఆయన ధర్మం. పూనా నుంచి సంపాదకుడి ఆనవాలు తెప్పించి అతణ్ని వెతికి పట్టుకోవడం పోలీసుల ధర్మం. దానికి ఆయన అనుమతి అక్కర్లేదు. 20 నుంచి 30 వరకు పోలీసులు కాస్త చురుకుదనం చూపి ఉంటే ఈ ఘోరం బహుశా తప్పేదని విచారణ జరిపిన న్యాయమూర్తి ఆత్మ చరణ్ కూడా తీర్పులో అన్నారు. 1966లో నియమించిన జస్టిస్ జీవన్‌లాల్ కపూర్ కమిషన్ పనిలో ఎక్కువ భాగం ఎవరికి ముందే ఏం తెలుసు, తెలిసినవాళ్లు ఏం చేశారు అన్నదాని చుట్టే తిరిగింది.

పాత ఢిల్లీ స్టేషన్ ఫోటోలో జనమే తప్ప మనవాళ్లు సరిగా కనిపించరు. గ్వాలియర్‌లో బెరెట్టా పిస్తోలు సంపాదించుకుని 29న వచ్చిన గోడ్సే ఈ స్టేషన్‌లోనే రిటైరింగ్ రూము తీసుకున్నాడు. అదీ మారుపేరుతోనే.

ఇక బిర్లా భవన్ రెండోసారి. ఆ ఇంటిని 1971లో ప్రభుత్వం తీసుకుని, 1973 ఆగస్టు 15 నుంచి గాంధీ స్మృతి పేరుతో జనానికి తెరిచింది. ఒకనాటి అల్బుకర్క్ రోడ్డు ఇప్పుడు తీస్ జనవరి మార్గ్. 1947 సెప్టెంబరు 9న కలకత్తా నుంచి వచ్చినప్పటి నుంచి గాంధీజీ 144 రోజులు ఇక్కడున్నారు. ఆయన గదిలో పరుపు, చిన్న రాతబల్ల, చేతికర్ర, సబ్బుకు బదులు ఒళ్లు రుద్దుకునే గరుకు రాయి. అంత పెద్ద భవనంలో ఆయన సొంతమనదగిన సామానంతా ఒక్క చూపులో అయిపోయింది.

ఆ గది నుంచి ప్రార్థన స్థలం దాకా ఆయన చివరి అడుగులను సిమెంటుతో పోసి నిలిపారు. 30వ తేదీ సాయంత్రం నాలుగింటికి సర్దార్ పటేల్ వచ్చారు. నెహ్రూతో అభిప్రాయభేదాల గురించి మాటలు సాగి ఐదు దాటింది. ప్రార్థనకు ఆలస్యమైతే గాంధీజీ సహించరు. ఎప్పుడూ వెంట ఉండే తన కుటుంబపు అమ్మాయిలు మను, ఆభా భుజాల మీద చేతులేసి, పచ్చిక మీదుగా అడ్డదారిన గబగబా నడిచారు. మెట్లెక్కి జనం మధ్యకు రాగానే గోడ్సే వంగి నమస్కారం చేస్తున్నట్లు ముందుకొచ్చాడు. అడ్డుకోబోయిన మనును తోసేశాడు. ఆమె చేతిలోని జపమాల, నోటు పుస్తకం, ఉమ్మితొట్టి కింద పడ్డాయి. మూడు తూటాలు. 5 గంటల 17 నిమిషాలు. ఆ క్షణానికి ఫోటో లేదు. అక్కడున్నవాళ్ల మాటలే మనకు మిగిలాయి.

ఇక్కడే జరిగిన ఒక సంగతి రాయాలి, ఎందుకంటే దానికి ఫోటో లేదు. మాలో ఒకడు గాంధీజీ పడిపోయిన చోట నిలిపిన స్మారక స్తంభం దగ్గర గోడ్సే నిలబడ్డ చోటు ఇదేనా అంటూ నిలబడి, చెయ్యి చాచి, ఫోటో తీయమన్నాడు. కెమెరా పట్టుకున్న మిత్రుడు కళ్లు ఆనించాడు కూడా. మాస్టారు గట్టిగా అరవలేదు. లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టి, "మనం అతని దారి వెతికింది అతని చోట నిలబడడానికి కాదు. అతణ్ని ఆపవలసినవాళ్లు ఎక్కడ నిలబడి ఉండాలో చూడడానికి" అన్నారు. హత్యాస్థలాలు చూడబోయేవాళ్లంతా ఈ మాట గుర్తుంచుకోవాలని నా గట్టి నమ్మకం. హంతకుడి హోటలు, హంతకుడి గది, హంతకుడి పిస్తోలు అని వెతుకుతూ పోతుంటే తెలియకుండానే కథానాయకుడు మారిపోతాడు. ఈ రోజుల్లో అలా మార్చి చెప్పేవాళ్లు కనిపిస్తుంటే ఆ అరచెయ్యి విలువ నాకు మరింత తెలిసివస్తోంది. అక్కడ మేం తీసుకున్న ఒకే ఒక్క ఫోటోలో మనుషులు లేరు, సిమెంటు అడుగులు మాత్రమే ఉన్నాయి.

ఠాణా బోర్డు తుగ్లక్ రోడ్డు పోలీస్ స్టేషన్‌ది. హత్యను కళ్లారా చూసిన నందలాల్ మెహతా ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా ఆ సాయంత్రం ఉర్దూలో రాసిన ఎఫ్‌.ఐ.ఆర్. అక్కడిదే. పారిపోయే వీలు లేకుండా గోడ్సేను పట్టుకున్నవాళ్లలో రఘు నాయక్ అనే తోటమాలి ఉన్నాడు. పెద్దపెద్ద పేర్ల మధ్య ఆ పేరు పలకమని మాస్టారు మా అందరిచేతా పలికించారు.

ఎర్రకోట ఫోటోలు మామూలుగా పర్యాటకులు తీసుకునేవే. కానీ ఆ కోటలోనే 1948 మే 27న ప్రత్యేక న్యాయస్థానం విచారణ మొదలుపెట్టి 1949 ఫిబ్రవరి 10న తీర్పు చెప్పింది. ముద్దాయిల్లో బాడ్గే పనివాడు శంకర్ కిష్టయ్య తెలుగువాడు. అతని కోసం విచారణను తెలుగులోకి కూడా అనువదించేవారు. యజమాని బాడ్గే అప్రూవరుగా మారి బయటపడ్డాడు. పనివాడికి యావజ్జీవ శిక్ష పడింది. తరువాత సిమ్లాలో పంజాబ్ హైకోర్టు అతణ్ని విడుదల చేసింది. ఈ సంగతి విన్నాక మాలో ఒకామె ఎర్రకోట మెట్ల మీద కూర్చుని నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటున్న ఫోటో ఉంది. ఆమె తరువాత న్యాయవాది అయింది.

రాజ్‌ఘాట్ చివరికి వచ్చింది. ఎదుటనున్న గాంధీ మ్యూజియంలో ఆయన రక్తపు మరకల బట్టలు, ఒక తూటా చూశాం. అక్కడ ఫోటో తీయాలని ఎవరికీ అనిపించలేదు.

ఇప్పుడు మీతో పని. ఫోటోల వెనుక పేర్లు రాస్తున్నాను. మెత్తటి పెన్సిలుతో, వరుసలవారీగా, ఎడమ నుంచి కుడికి. మెరీనా హోటలు ఫోటోలో వెనుక వరుస ఎడమ చివర ఉన్న ఇద్దరు జూనియర్లు, గోడ ఫోటోలో శాలువా కప్పుకున్న అమ్మాయి ఎవరో గుర్తుపట్టినవాళ్లు సంపాదక వర్గానికి తెలపండి. ఎవరి దగ్గరైనా నెగెటివ్‌లు ఉంటే దయచేసి వాటిని తుడవకండి, నీళ్లు తగలనివ్వకండి, ఉన్నవి ఉన్నట్లు కాగితపు కవరులో పెట్టి పంపండి. స్కాన్ చేయించి తిరిగి ఇచ్చే పూచీ నాది. మాస్టారు నల్లబల్ల మీద రాసిన తేదీల వరుసలోనే వాటిని అతికించి, ఆల్బమ్‌ను కళాశాల గ్రంథాలయానికి ఇవ్వాలని మేమంతా అనుకున్నాం. గోడ ఫోటో తరువాత, స్టేషన్ ఫోటోకు ముందు, రెండు పుటలు ఖాళీగా ఉంచుతున్నాను. ఆ మధ్య రోజుల గురించి మాస్టారు చెప్పింది ఎవరి నోటు పుస్తకంలో ఉన్నా, ఆ పుటల్లో మీ చేతిరాతతోనే రాయండి.