అడెనావ్ బస్సు తప్పిన ఆదివారం

జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ రేసు ట్రాక్ పార్కింగులో దాదాపు మూడు గంటలు నిలబడ్డాను. ట్రాక్ మీద ఎవరో కారును రెయిలింగుకి కొట్టేశారట. అది బాగుచేసేదాకా గేట్లు మూసేశారు, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో చెప్పే నాథుడు లేడు. ఇక్కడికి రైలు లేదు. ఆదివారం బస్సులు మరీ తక్కువ. చీకటితో లేచి బస్సులు మారి వచ్చినవాడికి ఎంత కోపం రావాలో అంత కోపమూ వచ్చింది.

స్వయంగా నడుపుదామన్న ఆశ ముందే వదులుకున్నాను. ఐఫెల్ కొండల్లో 1927లో తెరిచిన, నూర్బుర్గ్‌రింగ్‌లోని ఈ నోర్డ్‌ష్లైఫ ట్రాక్, జనానికి వదిలిన రోజుల్లో, టోల్ కట్టి వెళ్ళే రోడ్డు లాంటిది. మామూలు ట్రాఫిక్ నియమాలే ఇక్కడా, ఎడమ పక్క నుంచే దాటాలి. నేను వెళ్ళిన 2024లో వారాంతపు ధర ఒక్క చుట్టుకి 35 యూరోలు. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరానికి అది ఎక్కువే, అయినా కట్టేవాణ్ణి. కానీ మామూలు అద్దె కార్లను ఇక్కడికి తీసుకురావద్దని ఒప్పందంలోనే రాస్తారు. ట్రాక్ కోసమే అద్దెకిచ్చే కార్లున్నాయి, వాటి అద్దె, డిపాజిట్ కలిపి చూస్తే నా మిగతా యాత్ర మొత్తం అందులో పోయేట్టుంది. అందుకే ఎవరైనా పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటారేమోనని వచ్చాను.

రెండు రోజుల ముందు స్టుట్‌గార్ట్‌లో పోర్షే మ్యూజియం చూశాను. దాని గురించి రాయాలంటే ఇంకో వ్యాసం అవుతుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. 2002లో వాళ్ళ ఎస్‌యూవీ కయెన్ వచ్చినప్పుడు ఓ పత్రికలో దాని ఫొటో చూసి, 911 స్పోర్ట్స్ కారు చేసే చేతులతో ఇదేం పని అని నిజంగా బాధపడ్డాను. ఆ ఎస్‌యూవీల అమ్మకాలే కంపెనీని నిలబెట్టి, స్పోర్ట్స్ కార్లకు డబ్బు సమకూర్చాయని తర్వాత తెలిసింది. బాధ తగ్గింది గానీ పోలేదు.

పార్కింగులో నాకు రెండడుగుల దూరంలో కయెన్ టర్బో జీటీ ఆగి ఉంది. లోపల నాలుగే సీట్లు, వెనక ఒకదానిలో పిల్లాడి బూస్టరు. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ళ కొడుకు, వాళ్ళ సామాను అన్నీ ఆ కారులోనే వచ్చాయి. దాని పక్కన ఎర్రటి రెండు సీట్ల మాజ్దా ఎంఎక్స్-5, దానికి ఆనుకుని తల నెరిసిన పెద్దాయన. గేట్లు మూసుంటే కారు పిచ్చివాళ్ళు చేసే పని ఒకటే, వాదించుకోవడం.

"ఈ కారు 2021లో ఇక్కడ ఒక చుట్టు 7 నిమిషాల 38.9 సెకన్లలో తిరిగింది," అన్నాడు కయెన్ ఆయన. "ఇప్పుడు ఆడి ఆర్‌ఎస్ క్యూ8 ఇంకో రెండు సెకన్లు తగ్గించింది. ఎస్‌యూవీ అంటే నడవలేని ఏనుగు అనే రోజులు పోయాయండీ."

"సరే, మీరు మీ టైము ఎంతో చూసుకోండి చూద్దాం," అన్నాడు పెద్దాయన. జనం నడిపే రోజుల్లో ఇక్కడ టైము కొలవడం నిషేధం. ముగ్గురం నవ్వుకున్నాం.

నేనూ ఒక మాట వేశాను. అదే ఏడాది, అదే కంపెనీ, అదే డ్రైవరు లార్స్ కెర్న్ 911 జీటీ3లో తిరిగిన టైము ప్రకటించారు, 6:59.9. కయెన్‌కి 640 హార్స్‌పవర్, జీటీ3కి 510. నూట ముప్పై తక్కువ పెట్టుకుని కూడా అది 39 సెకన్ల ముందుంది. కయెన్ ఆయన కాదనలేదు. "జీటీ3లో మా అబ్బాయిని ఎక్కడ కూర్చోబెట్టను?" అన్నాడు.

గేట్లు తెరిచాక ఆయనే నన్ను పిలిచాడు. భార్యా కొడుకూ కింద ఉండిపోయారు.

నిజం ఒప్పుకోవాలి, ఆ బండి నన్ను నివ్వెరపరిచింది. మొదట్లోనే హాట్సెన్‌బాఖ్ వస్తుంది, కుడి ఎడమ కుడి ఎడమ అంటూ ఊపిరాడనివ్వని మలుపులు. అంత ఎత్తు బండి అక్కడ ఓ పక్కకి ఒరిగిపోవాలి కదా, ఒరగలేదు. 48 వోల్టుల మోటార్లు యాంటీ రోల్ బార్లను క్షణక్షణం మెలిపెట్టి బాడీని సమంగా పట్టి ఉంచుతాయి, వెనక చక్రాలు కూడా కాస్త తిరుగుతాయి. బండి ఒరగలేదు గానీ నా తల మాత్రం గట్టిగా అటూ ఇటూ ఊగింది. ఫుక్స్‌రోర లోయలోకి దిగినప్పుడు కడుపు కిందికి జారి, అడుగున 2,200 కిలోలూ ఒక్కసారిగా సస్పెన్షన్ మీద కూర్చున్నాయి. వెంటనే బ్రేకు. ఒకే వేగం నుంచి ఆపాలంటే ఇంత బరువుకి జీటీ3 కన్నా ఒకటిన్నర రెట్ల వేడిని ఆ డిస్కులు మింగాలి. చుట్టు పూర్తయ్యేసరికి కారంతా కాలిన వాసన. ఇంకో చుట్టు అడుగుదామనుకున్నా, ఆయన బండిని చల్లార్చడానికి అటూ ఇటూ మెల్లగా తిప్పుతుంటే నోరు రాలేదు.

దిగాక నాకు వేగం గుర్తుంది, మలుపులు గుర్తులేవు. అంత దూరం వెళ్ళొచ్చి ఏ మలుపు ఎలా ఉందో చెప్పలేకపోయాను. ఇది నన్ను ఇప్పటికీ తొలుస్తోంది.

పెద్దాయన మాజ్దాలో అంతా తలకిందులు. 184 హార్స్‌పవర్, బరువు టన్ను మీద కొంచెం. కూర్చుంటే రోడ్డు మోచేతికి అందేలా ఉంది. బండి ఒరిగింది, బాగా ఒరిగింది, ఆ ఒరగడంలోనే ఏ టైరు మీద ఎంత బరువు పడుతోందో నా వీపుకి తెలిసింది. కెసెల్‌షెన్ ఎగువలో ప్రతివాడూ మమ్మల్ని దాటాడు. ఆయన కుడి ఇండికేటరు వేసి ఓపికగా దారి ఇస్తూనే ఉన్నాడు. కరుసెల్ అనే మలుపులో కాంక్రీటు పలకల అతుకులు ఒక్కొక్కటీ నడుముకి తగిలాయి, లెక్కపెట్టొచ్చు. బ్రున్‌షెన్ దగ్గర వెనక చక్రాలు కాస్త జారితే ఆయన వేళ్ళతో సర్దాడు, మాట ఆపకుండానే. కయెన్ కన్నా నిమిషాలు ఎక్కువే పట్టి ఉంటుంది. ఈ చుట్టు మాత్రం ఇప్పుడు కళ్ళు మూసుకున్నా మొదటి నుంచి చివరిదాకా నడిపి చూపించగలను.

నా తీర్పు అక్కడే అయిపోయింది. ఎంత శక్తి పోసి, ఎన్ని మోటార్లు బిగించినా ఆ పెద్ద బండి రోడ్డుని నా నుంచి దూరం పెట్టింది. వేగం కావాలనుకునేవాళ్ళకి అది చాలు, నాకు చాలదు.

ఈ సంబరంలో దగ్గరి ఊరు అడెనావ్‌కి వెళ్ళే బస్సు తప్పింది. వాన మొదలైంది. పెద్దాయన ఇంకో రెండు చుట్ల టికెట్లు మిగిలాయని లోపలికి వెళ్ళిపోయాడు. రోడ్డు పక్కన తడుస్తుంటే కయెన్ ఆగింది. వెనక పిల్లాడి పక్కన కూర్చున్నాను. సీటు వెచ్చగా ఉంది. ఇందాక అరిచిన ఇంజిను ఇప్పుడు వినపడడమే లేదు. వంకర దారిలో, ఆ వానలో, నాకు కునుకు పట్టబోయింది.

పిల్లాడు ఏదో అడిగాడు. ఏ కారు నచ్చిందని అడుగుతున్నాడని వాళ్ళమ్మ చెప్పింది. ఎర్రదన్నాను. వాడు కాసేపు ఆలోచించి ఇంకో మాటన్నాడు, ఆవిడ నవ్వుతూ చెప్పింది.

"అందులో వీడికి సీటు లేదంటున్నాడు."

నా దగ్గర జవాబు లేదు. వాన పెరిగింది, వాళ్ళ నాన్న వేగం తగ్గించాడు.