ఏడింటికే తాళం

సాయంత్రం చిన్నదానితో ఫోనులో అన్న మాట నాకే గుచ్చుకుంటోంది.

వాళ్ల హాస్టల్ గేటుకు 7 గంటలకే తాళం. గ్రంథాలయమేమో 10 వరకు తెరిచే ఉంటుంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. దానికి కావలసిన పుస్తకం బయటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. అబ్బాయిలు చదువుకుంటూనే ఉంటారు, ఇది ఆరున్నరకే లేచి రావాలి. వార్డెన్‌ను అడిగితే, "మీ అమ్మానాన్నలకు జవాబు చెప్పాల్సింది నేనే" అన్నదట. నేను కూడా "నీ మంచికే కదా బిడ్డా" అన్నాను. అది కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రోజులు బాగాలేవు. తాళం పడిందంటేనే ఇక్కడ హనుమకొండలో నా గుండె కుదుటపడుతుంది. వార్డెన్‌దే న్యాయం అనుకున్నాను.

కానీ బాపు గుర్తొచ్చాడు. కాకతీయలో ఎమ్మే చదివేటప్పుడు జమ్మికుంట నుంచి రోజూ కాజీపేటకు రైల్లో వచ్చేదాన్ని. ఒకరోజు క్లాసులో చర్చ మధ్యలో లేవబుద్ధి కాలేదు. బండి తప్పింది. ఇంట్లో ఫోను లేదు. చీకటి పడ్డాక జమ్మికుంటలో దిగేసరికి ప్లాట్‌ఫాం చివర బ్యాటరీ లైటు వెలుగు. సైకిలు పట్టుకుని బాపు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో చెప్పలేదు. తిడతాడనుకున్నాను. "క్లాసు అయ్యేదాకా ఉన్నావా?" అని మాత్రం అడిగాడు. ఉన్నానన్నాను. "మంచిది, ఎక్కు" అన్నాడు. మర్నాడు లైటులో కొత్త సెల్లులు వేశాడు.

1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో, దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన మన తెలుగింటి లలిత చేరిందన్నా వెనక తండ్రే ఉన్నాడు. భర్త పోయాడు, చంకలో బిడ్డ. అక్కడే ఆచార్యుడైన సుబ్బారావు కూతురి సీటు కోసం తానే వెళ్లి అడిగాడు. అంతమంది మగపిల్లల్లో ఆమె ఒంటరిదైతే, ఇంకా అమ్మాయిలను చేర్చుకుంటామని కాలేజీ ప్రకటన ఇచ్చింది. ఇద్దరు వచ్చారు.

1921లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఆడవాళ్లకు పూర్తి సభ్యత్వం ఓటింగులో వీగిపోగానే, మగ విద్యార్థులు వెళ్లి న్యూన్‌హామ్ మహిళా కళాశాల కంచు గేట్లను ధ్వంసం చేశారు. పూర్తి పట్టా దక్కడానికి ఆ ఆడపిల్లలు 1948 దాకా ఆగాల్సి వచ్చింది. అల్లరి చేసేది ఒకరు, ఆగాల్సింది ఇంకొకరు. మా చిన్నదాని విషయంలోనూ అదే కదా! ఇది తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది.

పొద్దున్నే వార్డెన్‌తో నేనే మాట్లాడతాను. నా కూతురికి ఒక్కదానికే అనుమతి అడగను, అందరికీ అడుగుతాను. అంతకుముందు చిన్నదాన్ని ఒకటి అడగాలి, గ్రంథాలయం నుంచి హాస్టల్ దాకా దారిలో లైట్లున్నాయా అని.