సీజర్ క్రీక్‌లో ఏరుకున్న గుల్లలు

మొన్న మే నెలలో ఒహాయోలోని సీజర్ క్రీక్‌కి వెళ్లొచ్చాం. కొలంబస్ నుంచి కారులో గంటంబావు. చాలామంది అక్కడికి బోటింగ్‌కి వెళ్తారు, మేం వెళ్లింది అక్కడి స్పిల్‌వేలో, అంటే ఆనకట్ట దగ్గర మిగులు నీళ్లు పోవడానికి తవ్విన కాలువలో, శిలాజాలు ఏరుకోడానికి. ముందు విజిటర్ సెంటర్‌లో ఉచితంగా ఇచ్చే పర్మిట్ తీసుకోవాలి. సుత్తి, ఉలి వాడకూడదు, ఒక రాయితో ఇంకో రాయిని కొట్టడం కూడా కుదరదు, అరచేతిలో పట్టేంతవే ఇంటికి తెచ్చుకోవచ్చు.

ముందు రోజు రాత్రి వాన పడటం మా అదృష్టం. సున్నపురాయి పొరల మధ్య ఉన్న మెత్తటి షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) నాని కొట్టుకుపోయి, గుల్లలు విడివిడిగా బయటపడి ఉన్నాయి. మావాడు దిగీ దిగగానే "నాన్నా, ఆల్చిప్ప!" అంటూ ఒకటి తెచ్చాడు. నేనూ అదే అనుకున్నాను, చిన్నప్పుడు సూర్యలంక బీచ్‌లో జేబుల నిండా నింపుకున్నవి అచ్చం ఇలాగే ఉండేవి. అక్కడే ఏరుకుంటున్న ఒక పెద్దాయన చూసి, ఇది ఆల్చిప్ప కాదు, బ్రాకియోపాడ్ అనే వేరే రెండు చిప్పల సముద్రజీవి గుల్ల అన్నారు.

తేడా ఎలా తెలుస్తుందో ఆయనే చూపించారు. గుల్ల ముక్కు దగ్గర నుంచి అంచు దాకా నడిమధ్యన వేలితో గీత గీస్తే రెండు వైపులూ ఒకేలా ఉన్నాయి. పక్కకి తిప్పితే మాత్రం పై చిప్ప వేరు, కింది చిప్ప వేరు. ఆల్చిప్పల్లో సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది: రెండు చిప్పలూ జత, ఒక్కో చిప్ప మాత్రం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. లోపలి జీవి కూడా వేరే, వీటికీ ఆల్చిప్పలకీ దగ్గరి చుట్టరికమే లేదు.

నా చేతిలో ఉన్నది కుంకుడుకాయంత ఉంది, బూడిద రంగు, మధ్యలో ఒక మిట్ట, దాని మీదుగా అంచు దాకా దిగిన ఉబ్బెత్తు గీతలు, ఆ గీతల సందుల్లో ఇంకా తడి మట్టి. దాని వయసు దాదాపు 45 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పుట్టడానికి 20 కోట్ల ఏళ్ల పైనే ముందన్నమాట! అప్పట్లో ఈ ఒహాయో భూమధ్యరేఖకి దక్షిణాన, లోతు తక్కువ ఉన్న వెచ్చటి సముద్రం కింద ఉండేది. సముద్రపు అడుగున అప్పుడు వీటిదే రాజ్యం, 25 కోట్ల ఏళ్ల కిందటి మహావినాశనంలో చాలా వరకు పోయాయి. ఇప్పుడు బతికున్నవి దాదాపు 400 జాతులే.

సాయంత్రం మావాడికి ఒక పలక దొరికింది, దాని నిండా ఒకదాని మీద ఒకటి పడి పదుల కొద్దీ గుల్లలు. అరచేయి కంటే పెద్దది. వాడికి ఏడుపొక్కటే తక్కువ. నీళ్లు పోసి కడిగి, ఫొటో తీసుకుని, తర్వాత వచ్చేవాళ్లకి కనబడేలా గుల్లల వైపు పైకి పెట్టి వచ్చేశాం.